నచ్చిన ఇండీ, రాక్ ఆల్బమ్‌లను మరొకరు నిజంగా వినేలా పంచుకోవడం ఎలా

ప్రతి డిసెంబరులోనూ ఆ ఏడాది నాకు బాగా నచ్చిన ఇండీ, రాక్ ఆల్బమ్‌ల జాబితా ఒకటి రాసి, పాటలంటే ఇష్టమున్న స్నేహితులకూ బంధువులకూ పంపడం నాకు చాలాకాలంగా ఉన్న అలవాటు. మొదట్లో యాభై పేర్లు వరుసగా రాసి పంపేవాణ్ని. వాటిలో ఒక్క ఆల్బమ్‌నైనా ఎవరూ చివరిదాకా వినలేదని చాలా ఆలస్యంగా తెలిసింది. యాభై పేర్లు ఒక్కసారిగా చేతికి వచ్చిన మనిషికి ఎక్కడ మొదలుపెట్టాలో తోచదు. తోచనప్పుడు అసలు మొదలే పెట్టడు. జాబితాను ఎనిమిదికి కుదించి, ఒక్కొక్క ఆల్బమ్‌కు నాలుగైదు వాక్యాలు రాసి, ముందు ఏ పాట వినాలో కూడా చెప్పిన ఏడాది మొదటిసారిగా నాకు జవాబులు వచ్చాయి. అప్పటినుంచి అనుసరిస్తున్న పద్ధతిని ఇక్కడ వివరిస్తున్నాను. కొత్త విడుదలలకైనా పాతవాటికైనా ఇది పనికొస్తుంది. ఉదాహరణలు అందరికీ సులభంగా దొరికేవి కావాలి కనుక ఎక్కువగా పాత ఆల్బమ్‌లనే తీసుకున్నాను.

జాబితా మొదలుపెట్టేముందు ‘ఇండీ’ అనే మాటను మీరు ఏ అర్థంలో వాడుతున్నారో తేల్చుకోవాలి. ‘ఇండిపెండెంట్’ (స్వతంత్రం) అన్నదాన్ని కుదిస్తే వచ్చిన ఆ మాట బ్రిటన్‌లో ఒక వ్యాపార పద్ధతికి పేరుగా స్థిరపడింది. బజ్‌కాక్స్ అనే మాంచెస్టర్ బృందం స్నేహితుల దగ్గరా ఇంట్లోవాళ్ల దగ్గరా అప్పుగా తెచ్చిన డబ్బుతో, ‘న్యూ హార్మోన్స్’ అనే సొంత లేబుల్ (రికార్డులు విడుదల చేసే సంస్థ) పెట్టుకుని, 1977 జనవరిలో ‘స్పైరల్ స్క్రాచ్’ అనే నాలుగు పాటల ఈపీని (ఆల్బమ్ కంటే చిన్న రికార్డును) విడుదల చేసింది. పెద్ద కంపెనీ గడప తొక్కకుండానే రికార్డు తీసుకురావచ్చన్న ధైర్యం ఆ చిన్న రికార్డు నుంచి ఎంతోమందికి వచ్చింది. 1980 జనవరిలో అక్కడ ఇండీ చార్టు (ఎక్కువగా అమ్ముడైన ఇండీ రికార్డుల పట్టిక) మొదలైనప్పుడు, పాట ఏ బాణీలో ఉందన్నది ఎవరూ అడగలేదు. పెద్ద కంపెనీల పంపిణీ వ్యవస్థతో సంబంధం లేకుండా ఆ రికార్డు దుకాణాలకు చేరిందా లేదా అన్నదే అందులో చోటుకు కొలమానం అయింది.

మన దేశంలో ఈ మాట మరో దారి పట్టింది. ఇక్కడ సినిమాకు చెందని పాటనల్లా ఇండీ అనేస్తున్నాం. సినిమాకు బయట ఉండటం, కంపెనీకి బయట ఉండటం ఒకటే కాదన్న సంగతి మన పెద్దవాళ్లకు వేరే రూపంలో తెలుసు: ఘంటసాల ‘పుష్పవిలాపం’ సినిమా పాట కాదు, దాన్ని ‘ప్రైవేటు రికార్డు’ అనేవారు, కాని దాన్ని తెచ్చింది ఆనాటి అతిపెద్ద గ్రామఫోను కంపెనీ. ఒకే బృందం కూడా రెండు వైపులా ఉండవచ్చు. అమెరికా రాక్ బృందం నిర్వాణ మొదటి ఆల్బమ్ ‘బ్లీచ్’ 1989లో సియాటిల్‌లోని సబ్ పాప్ అనే చిన్న లేబుల్ నుంచి వచ్చింది. 1991 నాటి ‘నెవర్‌మైండ్’ గెఫెన్ అనే పెద్ద కంపెనీకి చెందిన డీజీసీ లేబుల్ మీద వచ్చింది. అందుచేత ప్రతి ఆల్బమ్ పేరు పక్కనా లేబుల్ పేరు కూడా రాయండి. అది చదివినవారికి సంగీతం గురించి ఎంత తెలిసినా తెలియకపోయినా, ఒక లేబుల్ నచ్చితే దాని ఇతర విడుదలల వైపు వెళ్లే దారి దొరుకుతుంది. నేను విన్న మంచి బృందాలలో సగానికి సగం నాకు ఇలా లేబుళ్ల వెంట నడిచినప్పుడు దొరికినవే.

ఇక అసలు పని జనవరిలోనే మొదలవుతుంది. ఒక నోటుపుస్తకం పెట్టుకుని, కొత్త ఆల్బమ్ విన్న ప్రతిసారీ తేదీ, విన్న చోటు, చెవికి తగిలిన పాట, ఒకే ఒక్క వాక్యం రాసి ఉంచండి. డిసెంబరులో జ్ఞాపకం మీద ఆధారపడి జాబితా వేస్తే అక్టోబరు, నవంబరు విడుదలలే ముందుకు వస్తాయి. ఫిబ్రవరిలో మిమ్మల్ని వారం రోజులు వదలని ఆల్బమ్ పేరు గుర్తుకే రాదు. జాబితాలోకి వచ్చే ఏ ఆల్బమ్‌నైనా కనీసం మూడుసార్లు పూర్తిగా విని ఉండాలన్నది నేను పెట్టుకున్న నియమం: ఒకసారి హెడ్‌ఫోన్లతో, మరే పనీ చేయకుండా, ఒకసారి గదిలో స్పీకరు మీద, వంటో ఇస్త్రీయో చేసుకుంటూ, మూడోసారి కనీసం నెల రోజుల ఎడం ఇచ్చి. రెండు ఆల్బమ్‌లను పోల్చేటప్పుడు శబ్దస్థాయి సమానంగా ఉందో లేదో చూసుకోండి, ఎందుకంటే ఒకే పాటను కొంచెం ఎక్కువ శబ్దంతో వినిపిస్తే మన చెవికి అదే మెరుగ్గా తోస్తుంది.

పాటలను కలగాపులగంగా వినిపించే షఫుల్‌ను తప్పనిసరిగా ఆపివేయాలి. సినిమా పాటలతో పెరిగిన మనకు పాట విడిగా నిలబడటమే అలవాటు. ఒక సినిమాలోని ఆరు పాటలను వరుసగా వినాలన్న పట్టింపు మనకు లేదు, ఆ అవసరమూ లేదు, ఎందుకంటే వాటిని కలిపే దారం తెర మీది కథలో ఉంది. రాక్ ఆల్బమ్‌లో ఆ దారం పాటల వరుసలోనే ఉంటుంది. జాయ్ డివిజన్ బృందం ‘అన్‌నోన్ ప్లెజర్స్’ను తీసుకోండి. 1979 జూన్‌లో మాంచెస్టర్‌లోని ఫ్యాక్టరీ రికార్డ్స్ దీన్ని విడుదల చేసింది. ఎల్పీ రికార్డుకు ఉన్న రెండు వైపులకూ మామూలుగా ఉండే అంకెలకు బదులు ‘అవుట్‌సైడ్’, ‘ఇన్‌సైడ్’ అని పేర్లు పెట్టారు. ఒక్కొక్క వైపు అయిదు పాటలు. ‘న్యూ డాన్ ఫేడ్స్’తో మొదటి వైపు ముగిసినచోట ఒక్క నిమిషం ఆగి, ఆ తరువాత ‘షీజ్ లాస్ట్ కంట్రోల్’ మొదలుపెట్టి చూడండి. రికార్డును చేత్తో తిప్పి వేసుకునే కాలంలో శ్రోతకు దొరికిన ఆ విరామాన్ని దృష్టిలో పెట్టుకునే పాటలను అలా పేర్చారని తెలుస్తుంది.

అదే ఆల్బమ్ మరో కారణం వల్ల కూడా నాకు పాఠ్యపుస్తకం లాంటిది. నిర్మాత మార్టిన్ హానెట్ డ్రమ్ముల దెబ్బలను ఒకదాని నుంచి ఒకటి విడదీసి, చుట్టూ ఖాళీ స్థలం ఉన్నట్టు వినిపించేలా చేశాడు. ‘ఇన్‌సైట్’ పాట ప్రారంభంలో ఒక లిఫ్టు చప్పుడు కూడా వినిపిస్తుంది. వేదిక మీద తాము వాయించే ఉధృతి అంతా రికార్డులో లేకుండా పోయిందని బేసిస్టు పీటర్ హుక్‌కూ గిటారిస్టు బెర్నార్డ్ సమ్నర్‌కూ మొదట అది నచ్చలేదు. వాయించినవారికే మొదట నచ్చని ధ్వని ఈనాడు ఆ ఆల్బమ్‌కు గుర్తింపుగా నిలిచింది. మొదటి వినికిడితో మీ తీర్పును ముగించవద్దని నేను గట్టిగా చెప్పడానికి ఆధారం ఇదే.

మూడుసార్లు వినడం ఎందుకో మరింత స్పష్టంగా చూపే ఆల్బమ్ మై బ్లడీ వాలెంటైన్ బృందం ‘లవ్‌లెస్’. 1991 నవంబరులో క్రియేషన్ రికార్డ్స్ నుంచి వచ్చిన ఈ ఆల్బమ్ తయారీకి రెండేళ్లకు పైగా పట్టింది. ఎన్నో స్టూడియోలు మారారు. బృందం గిటారిస్టు కెవిన్ షీల్డ్స్ గిటారుకు ఉన్న ట్రెమోలో కడ్డీని పట్టుకుని వంచుతూనే తీగలు మీటుతాడు, కనుక స్వరం ఒకచోట నిలవక నెమ్మదిగా ఊగుతూ ఉంటుంది. గమకం విన్న చెవికి ఈ ఊగడం వింతగా ఉండదు. కాని సాహిత్యం స్పష్టంగా వినపడాలని కోరుకునే తెలుగు శ్రోతకు ఇక్కడ పెద్ద అడ్డంకి ఒకటి ఉంది. గాయని బిలిండా బుచర్, షీల్డ్స్ గొంతులు గిటార్ల పొర కింద మునిగి ఉంటాయి, మాటలు దాదాపు అందవు. మా ఇంట్లో పాతికేళ్లుగా లలితగీతాలు వినే పెద్దమ్మకు ‘ఓన్లీ షాలో’ వినిపించినప్పుడు, గాయని ఏమంటోందని మూడుసార్లు అడిగింది. మాటలను వెతకవద్దనీ, గొంతును కూడా వేణువులా ఒక వాద్యంగా వినమనీ చెప్పిన తరువాత ఆమె కళ్లు మూసుకుని చివరిదాకా విన్నది. అప్పటినుంచి ‘లవ్‌లెస్’ గురించి ఎవరికి రాసినా ఆ ఒక్క వాక్యం ముందుగా రాస్తాను. ఆల్బమ్‌ను పంచుకునేవారు చేయవలసిన పని అంతా ఇందులోనే ఉంది: వినేవారికి ఎక్కడ అడ్డు తగులుతుందో ముందే ఊహించి, దాన్ని దాటే దారి చెప్పాలి.

వివరాలు సరిచూసుకోవడం చిన్న పనిగా కనిపిస్తుంది గాని జాబితాకు విశ్వసనీయత దానివల్లనే వస్తుంది. విడుదల సంవత్సరం ఒక్కోసారి చిక్కు పెడుతుంది. బోన్ ఐవేర్ ‘ఫర్ ఎమ్మా, ఫరెవర్ అగో’ను ఆ బృందం గాయకుడు జస్టిన్ వెర్నన్ 2007లో తానే కొద్ది ప్రతులుగా విడుదల చేసుకోగా, జాగ్‌జాగువార్ లేబుల్ 2008లో దాన్ని మళ్లీ విడుదల చేసింది, రెండింటిలో ఏ సంవత్సరం వేసినా సమర్థించుకోవచ్చు, కాని ఏది ఎందుకు వేశారో చెప్పాలి. ఏ కూర్పు విన్నారన్నది కూడా ముఖ్యమే. ద స్టూజెస్ 1973 నాటి ‘రా పవర్’ను విడుదలకు గాయకుడు డేవిడ్ బోవీ మిక్స్ చేశాడు, అంటే విడిగా రికార్డయిన గొంతునూ వాద్యాలనూ ఒకటిగా కలిపాడు; 1997లో బృందం గాయకుడు ఇగ్గీ పాప్ దాన్ని మళ్లీ మిక్స్ చేసినప్పుడు అది చెవులు చిల్లులు పడేంత ఉధృతంగా మారింది. ఈ రెండూ విన్నవారు రెండు వేర్వేరు ఆల్బమ్‌ల గురించి మాట్లాడుకుంటున్నట్టే ఉంటుంది. చివరికి కవరు మీది పేర్లను కూడా గుడ్డిగా నమ్మడానికి లేదు: పైన చెప్పిన ‘బ్లీచ్’ రికార్డింగుకు అయిన 606 డాలర్ల 17 సెంట్లను చెల్లించిన జేసన్ ఎవర్‌మన్ పేరు గిటారిస్టుగా కవరు మీద ఉంటుంది గాని, ఆ ఆల్బమ్‌లో అతడు వాయించలేదు.

తరువాత కుదింపు. నోటుపుస్తకంలో నలభై పేర్లుంటే ఎనిమిదికి తేవడం కష్టమైన పనే, నాకు ప్రతి ఏడాదీ రెండు మూడు సాయంత్రాలు పడుతుంది. ఒకే బృందం నుంచి ఒకే ఆల్బమ్ అన్న నియమం ఇక్కడ సాయపడుతుంది. 2019లో బిగ్ థీఫ్ బృందం ఫోర్ ఏడీ లేబుల్ మీద రెండు ఆల్బమ్‌లు తెచ్చింది: మే నెలలో ‘యూ.ఎఫ్.ఓ.ఎఫ్.’, అక్టోబరులో ‘టూ హ్యాండ్స్’. మొదటిది వాషింగ్టన్ రాష్ట్రపు అడవుల నడుమ ఉన్న స్టూడియోలో, రెండవది టెక్సాస్ ఎడారి ప్రాంతంలో రికార్డయ్యాయి. మొదటిదానిలో ధ్వనులు మంచులా పొరలు పొరలుగా పరుచుకుని ఉంటే, రెండవదానిలో నలుగురూ ఒకే గదిలో కూర్చుని వాయించిన వాయింపు దాదాపు ఉన్నది ఉన్నట్టుగా వినిపిస్తుంది. రెండూ మంచివే. నేను ‘టూ హ్యాండ్స్’ను ఎంచుకున్నాను, ఎందుకంటే అందులోని ‘నాట్’ పాట చివర గాయని ఏడ్రియన్ లెంకర్ గిటారు తన గొంతు ఆగినచోటి నుంచి అదే కోపాన్ని అందుకుని సాగుతుంది. ఆ రెండు మూడు నిమిషాల కోసం ఆల్బమ్ మొత్తాన్ని ఎవరి చేతిలోనైనా పెట్టగలను. ఎంపికకు ఇలాంటి ఒక్క కారణం, వేలు పెట్టి చూపగలిగేది, ఉంటే చాలు. అటువంటి కారణం చెప్పలేకపోయిన ఆల్బమ్‌ను, అందరూ మెచ్చుకున్నా సరే, తీసివేయండి. ఎనిమిదింటికీ ఒకటి, రెండు అని ర్యాంకులు ఇవ్వడం నాకు ఇష్టం లేదు; ఒక్క మొదటి స్థానం చెప్పి, మిగతావాటిని విడుదలైన వరుసలో పెడతాను.

ఇక రాయడం. ‘అద్భుతం’, ‘మాటల్లేవు’ వంటి మాటలతో నింపిన పరిచయం ఎవరినీ కదిలించదు, ఎందుకంటే ఏ ఆల్బమ్‌కైనా అవే సరిపోతాయి. ఫలానా బృందంలా ఉంటుందన్న పోలిక కూడా, ఆ రెండో బృందం తెలియనివారికి వృథా. నేను మూడు విషయాలు చెప్పడానికి ప్రయత్నిస్తాను: చెవికి ఏం వినిపిస్తుంది, ఎక్కడ మొదలుపెట్టాలి, ఏ వేళలో వినాలి. ఇండియన్ ఓషన్ ‘కందీసా’ గురించి ఒక స్నేహితురాలికి రాసిన పరిచయాన్ని నమూనాగా ఇస్తున్నాను:

“ఢిల్లీ బృందం, 2000 సంవత్సరపు ఆల్బమ్. సుస్మిత్ సేన్ గిటారు, రాహుల్ రామ్ బేస్, అమిత్ కిలామ్ డ్రమ్స్. అశీమ్ చక్రవర్తి తబలా వాయిస్తూనే పాడతాడు, కనుక గొంతు ఆగినచోట తాళం ఎలా ముందుకు జరుగుతుందో గమనించు. ‘మా రేవా’తో మొదలుపెట్టు. రేవా అంటే నర్మద. రాహుల్ రామ్ నర్మదా బచావో ఆందోళనలో పనిచేసినవాడు కనుక ఆ పాట నది ఒడ్డు నుంచే వచ్చింది. చివరి పాట ‘కందీసా’ కేరళ సిరియన్ క్రైస్తవుల ప్రాచీన ప్రార్థన, భాష అరమాయిక్. అర్థం తెలియక్కరలేదు. రాత్రి భోజనాలయ్యాక దీపం తగ్గించి విను.”

ఇందులో నా అభిప్రాయం నేరుగా ఒక్కచోట కూడా లేదు. నచ్చకపోతే ఇంత శ్రద్ధగా రాయనని చదివేవారికి తెలుస్తుంది. ఆ మాత్రం చాలు.

ఒకే పరిచయం అందరికీ పంపడం కంటే మనిషిని బట్టి మొదటి ఆల్బమ్ మార్చడం మేలు. ఇళయరాజా పాటల్లో బేస్ గిటారు వెంట చెవిని నడిపించే అలవాటున్నవారికి నేను ‘అన్‌నోన్ ప్లెజర్స్’ ఇస్తాను. మొదటి పాట ‘డిసార్డర్’లో ముందు డ్రమ్స్, వెంటనే బేస్, ఆ తరువాతే గిటారు ప్రవేశిస్తాయి, పీటర్ హుక్ బేస్‌ను పై స్థాయిలో వాయించి బాణీనే దాని చేతికి అప్పగిస్తాడు. జానపదం ఇష్టపడేవారికీ, రాక్ అంటే ఇంగ్లీషులోనే ఉండాలనుకునేవారికీ కేరళ బృందం అవియల్ 2008లో అదే పేరుతో తెచ్చిన మలయాళ ఆల్బమ్ సరైన ప్రవేశం. ‘నడ నడ’ పాట విన్నాక ద్రావిడ భాషల పలుకుబడికి గట్టి గిటారు ఎంత సహజంగా అమరుతుందో వేరే చెప్పనక్కరలేదు. పాత హిందీ సినిమా పాటలనూ బ్రాస్ వాద్యాలనూ ప్రేమించేవారికి ఢిల్లీకే చెందిన పీటర్ క్యాట్ రికార్డింగ్ కంపెనీ 2019 నాటి ‘బిస్మిల్లా’ను సూచిస్తాను, సూర్యకాంత్ సాహ్నీ గొంతులో ఉన్న తీరిక ఆ తరం వారికి వెంటనే దగ్గరవుతుంది. తెలుగులోనే వినాలని పట్టుబట్టేవారికి హైదరాబాదు బృందం చౌరస్తా ‘ఊరెళ్ళిపోతా మామా’తో మొదలుపెట్టమంటాను. ఆ బృందంలో పాడిన రామ్ మిరియాల తరువాత సినిమా పాటలతో ఇంకా ఎక్కువమందికి తెలిశాడు. తెలుగులో స్వతంత్ర బృందాలు ఎక్కువగా విడి పాటలనే విడుదల చేస్తున్నాయి, ముప్పై నలభై నిమిషాల పూర్తి ఆల్బమ్ ఒకటి ఆలోచించి పేర్చి తెస్తే ఎంత బాగుండునని నాకు ప్రతి ఏడాదీ అనిపిస్తుంది. అంతవరకు తెలుగు పాటలకు జాబితాలో విడిగా చోటిచ్చి, ‘సింగిల్స్’ అని స్పష్టంగా రాయండి; ఈపీని ఆల్బమ్‌గా, సింగిల్‌ను ఈపీగా చూపవద్దు.

పంపేటప్పుడు పాటల ఫైళ్లను నకలు చేసి పంపవద్దు. చిన్న లేబుల్ మీద వచ్చిన ఆల్బమ్‌కు కొనుగోలుదారులు వందల్లోనే ఉండవచ్చు, అందులో ఒక్కరు తగ్గినా ఆ బృందానికి తేడా తెలుస్తుంది. బృందం సొంత పేజీ లేదా లేబుల్ పేజీ లింకు ఇవ్వండి. 2008లో మొదలైన, సంగీతం అమ్మే వెబ్‌సైటు బ్యాండ్‌క్యాంప్‌లో చాలా ఆల్బమ్‌లను కొనేముందే పూర్తిగా వినవచ్చు. డిజిటల్ అమ్మకంలో అది సాధారణంగా 15 శాతం తీసుకుంటుంది, చెల్లింపు రుసుములు పోగా మిగిలినది కళాకారులకో లేబుల్‌కో చేరుతుంది. 2020 మార్చి నుంచి ‘బ్యాండ్‌క్యాంప్ ఫ్రైడే’ పేరుతో కొన్ని ఎంపిక చేసిన శుక్రవారాల్లో ఆ 15 శాతాన్ని కూడా వదులుకుంటోంది కనుక, కొనదలచినవారికి ఆ తేదీ ముందే చెప్పడం మంచిది. ధరను శ్రోతకే వదిలేసే పద్ధతి కూడా ఉంది. బ్రిటిష్ రాక్ బృందం రేడియోహెడ్ 2007 అక్టోబరు 10న ‘ఇన్ రెయిన్‌బోస్’ను తన వెబ్‌సైటులో అలాగే ఉంచింది, ఏమీ చెల్లించకుండా తీసుకోవడానికి కూడా వీలిచ్చింది. అటువంటి ఆల్బమ్‌ను సూచించేటప్పుడు నేను ఎంత చెల్లించానో కూడా రాస్తాను, ఎందుకంటే ఎంత ఇస్తే బాగుంటుందో తెలియక సున్నా వేసేవారు ఉంటారు.

ఎనిమిదింటినీ ఒకే రోజు పంపకుండా వారానికి ఒకటి చొప్పున పంపి చూడండి. రెండు వారాలపాటు ఎలా ఉందని అడగవద్దు. అడగవలసి వచ్చినప్పుడు ‘నచ్చిందా?’ అని కాక, ‘ఏ పాట దగ్గర ఆగారు?’ అని అడగండి. ‘నచ్చింది’ అన్న మర్యాద జవాబుతో మీకు ఏమీ తెలియదు. ఫలానా పాట దగ్గర ఆపేశానని చెబితే, తరువాత పంపవలసినది ఏదో తెలుస్తుంది. డ్రమ్స్ మోత భరించలేక ఆపారంటే ‘టూ హ్యాండ్స్’ పంపకుండా ‘యూ.ఎఫ్.ఓ.ఎఫ్.’ పంపవచ్చు. మాటలు అర్థం కాక ఆపారంటే పాటల సాహిత్యాన్ని ఎదురుగా పెట్టుకుని వినమని చెప్పవచ్చు. వారు తిరిగి ఒక ఆల్బమ్ సూచిస్తే, దాన్ని కూడా మూడుసార్లు విన్న తరువాతే జవాబు రాయండి.

జాబితా పంపిన తరువాత నోటుపుస్తకంలో చివరి పుటలు రెండు ఖాళీగా వదలండి. ఆ ఏడాది విడుదలై, మీ చెవిన ఆలస్యంగా పడిన ఆల్బమ్‌లు మార్చి, ఏప్రిల్ నెలలదాకా దొరుకుతూనే ఉంటాయి. వాటిని ఆ పుటల్లో, విన్న తేదీతో సహా రాసి, మే నెలలో అనుబంధంగా పంపండి. జాబితాలో ఉన్న ఒకదాన్ని ఇప్పుడు తీసివేయాలనిపిస్తే ఆ సంగతి కూడా అందులోనే, కారణంతో పాటు రాయండి.